‘డిగ్రీ కంటే పోర్ట్‌ఫోలియో ముఖ్యం’: ఒక్క వాక్యం నా హెచ్-1బీని ఎలా ఇరికించింది

కొత్త ఉద్యోగంలో చేరి సరిగ్గా వారం. 2023 మార్చి 27న మీటింగులో ఉండగా కంపెనీ లాయరమ్మ నుంచి మెయిల్ వచ్చింది. మొదటి లైనులోనే "కంగారు పడకండి" అని ఉంది, దాంతో కంగారు మొదలైంది. కింద పీడీఎఫ్. అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్ వాళ్ళు, నా హెచ్-1బీ వర్క్ వీసాని కొత్త కంపెనీకి మార్చే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ మీద ఆర్‌ఎఫ్‌ఈ ఇచ్చారు, అంటే మీరు పంపిన కాగితాలు మాకు చాలలేదు, ఇంకా సాక్ష్యం చూపించండి అని. అన్ని పేజీలూ వడపోస్తే మిగిలే ప్రశ్న ఒక్కటే: సీనియర్ యూఎక్స్ డిజైనర్ (యాప్‌లు, తెరలు మనుషులకి వాడటం సులువయ్యేలా తీర్చేవాళ్ళు) పనికి ఫలానా చదువు ఉండి తీరాలని ఎక్కడ నిరూపించారు?

వాళ్ళు ఎత్తిచూపినవి రెండు. ఒకటి లేబర్ డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్. వెబ్ డెవలపర్లు, డిజిటల్ డిజైనర్ల చదువు హైస్కూలు డిప్లొమా నుంచి బ్యాచిలర్ డిగ్రీ దాకా ఎంతైనా ఉండొచ్చని అందులో రాసి ఉంటుంది. రెండోది మేమే చేతులారా జతచేసి పంపిన మా సొంత ఉద్యోగ ప్రకటన. "డిగ్రీ కంటే మీ పోర్ట్‌ఫోలియో మాకు ముఖ్యం" అని అందులో బోల్డ్‌లో ఉంది. నేను ఆ కంపెనీకి అప్లై చేసిందే ఆ వాక్యం నచ్చి.

ఆ కేసు ఎలా నడిచిందో మొత్తం రాస్తున్నాను. నేను లాయర్ని కాను, మీ కేసుకి మీ లాయరు మాటే మాట. కానీ డిజైనర్ల కేసులు సాఫ్ట్‌వేర్ వాళ్ళ కేసుల్లా ఉండవని మన వాళ్ళలో చాలామందికి తెలియదు. మా ఆయన జావా డెవలపర్, ఇన్నేళ్ళలో ఆయన పిటిషన్‌ని ఎవరూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అందుకే నా పీడీఎఫ్ చూసి "ఏదో టెంప్లేట్‌లే" అన్నాడు. కాదు.

ముందు కథ

మాది విజయనగరం. వైజాగ్‌లో బీఆర్క్ చేశాను, కట్టడాల కంటే ఆ కట్టడాల్లో మనుషులు ఎలా తిరుగుతారన్నది ఎక్కువ నచ్చింది, తిరిగి తిరిగి హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్‌లో ఎంఎస్‌కి అమెరికా వచ్చాను. చుట్టాలకి ఇప్పటికీ అర్థం కాలేదు, "అమ్మాయి ఇళ్ళు కడతాదనుకున్నాం, కంప్యూటర్లో బొమ్మలేస్తందట" అంటారు. 2018లో చదువు అయింది. ఆ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కింద ఉండటం వల్ల ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, ఒక ఏడాది, పైన 24 నెలలు దొరికాయి. నాతో పాటు వచ్చిన అమ్మాయి గ్రాఫిక్ డిజైన్‌లో ఎంఎఫ్‌ఏ చేసింది. నాకంటే నాలుగింతలు మంచి డిజైనర్. ఆ కోర్సు స్టెమ్ కాదు, పన్నెండు నెలలే ఇచ్చారు, హెచ్-1బీకి తీసే లాటరీ ఒక్కసారే ఆడింది, రాలేదు, హైదరాబాద్ వెళ్ళిపోయింది. కోర్సు ఎంచుకునేటప్పుడు ర్యాంకింగులు చూసే ముందు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఏ కోడ్ పడుతుందో అడగండి, డిజైన్ చదవాలనుకునే వాళ్ళు మరీను.

నాకు 2018 లాటరీ రాలేదు, 2019లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి హెచ్-1బీ. మూడేళ్ళకి పైగా ఒకే కంపెనీ, షాపింగ్ యాప్ పని. 2023 జనవరి 20 శుక్రవారం ఉదయం క్యాలెండర్‌లో పావుగంట మీటింగు కనిపించింది, అందులో మా హెచ్‌ఆర్ కూడా ఉంది, అప్పటికే అర్థమైంది.

అరవై రోజులు

ఉద్యోగం పోయిన నాటి నుంచి 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఉండనిచ్చే పత్రం) గడువు, ఏది ముందైతే అది. అంతలోపు కొత్త కంపెనీ పిటిషన్ పడకపోతే సర్దుకోవాల్సిందే. ఈ 60 రోజుల వెసులుబాటు కూడా 2017 జనవరి నుంచే ఉంది, అంతకు ముందు అదీ లేదు. డెవలపర్‌కి 60 రోజులంటే ఇరుకు, డిజైనర్‌కి ఇంకా ఇరుకు, ఎందుకంటే మనకి ఇంటర్వ్యూ అంటే కోడింగ్ పరీక్ష కాదు: రిక్రూటర్ ఫోను, మేనేజర్ ఫోను, పోర్ట్‌ఫోలియో ప్రెజెంటేషన్ గంట, వైట్‌బోర్డ్ ఎక్సర్‌సైజు, ఒక్కోచోట ఇంటికిచ్చే అసైన్‌మెంట్, ఆ తర్వాత మళ్ళీ డైరెక్టర్‌తో ఒక ముచ్చట. ఈ తంతు మొత్తానికి నెల. పైగా పోర్ట్‌ఫోలియోలో మూడేళ్ళ పని సగం ఎన్‌డీఏ (బయటపెట్టనన్న ఒప్పందం) కింద ఉండిపోయింది.

నేను పెట్టుకున్న నియమం ఒకటే, మొదటి ఫోన్‌లోనే వీసా సంగతి చెప్పేయడం. "నాకు స్పాన్సర్‌షిప్ కావాలి, కానీ లాటరీ అక్కర్లేదు, ఇది ట్రాన్స్‌ఫర్, పిటిషన్ దాఖలైన రోజు నుంచి నేను చేరొచ్చు." స్పాన్సర్‌షిప్ అనగానే చాలామంది రిక్రూటర్లకి ఏప్రిల్, అక్టోబరు, లాటరీ గుర్తొస్తాయి, ఏడాది ఆగాలేమో అనుకుని ఫోను పెట్టేస్తారు. ఈ రెండు వాక్యాల వల్ల కనీసం నాలుగు చోట్ల సంభాషణ ముందుకు నడిచింది. దాచిపెట్టి ఆఖరి రౌండులో చెప్పినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళకి పోయింది ఉద్యోగం ఒక్కటే కాదు, మూడు వారాలు కూడా.

ఒక చిన్న సంస్థ అన్నీ అయ్యాక, లాయరు ఖర్చు, ఫీజులు నువ్వే పెట్టుకో అంది. అందులో 1,500 డాలర్ల ట్రైనింగ్ ఫీజు ఒకటుంటుంది, 25 మందికి మించి ఉన్న కంపెనీకి అంత, 25 లోపు అయితే 750. అది ఉద్యోగి చేత కట్టించడం చట్టానికే విరుద్ధం. అది తెలిసి అడిగారో తెలియక అడిగారో గానీ వద్దనుకున్నాను. అప్పటికి ముప్పయ్యో రోజు, వద్దనడానికి ఎంత గుండె కావాలో ఆ రాత్రి అర్థమైంది.

ఇంకో సంగతి. అదే సమయంలో హైదరాబాద్‌లో స్టార్టప్ పెట్టిన క్లాస్‌మేట్ ఒకడు "ఖాళీగానే ఉన్నావు కదా, మా యాప్‌కి పది స్క్రీన్లు గీసిపెట్టు, ఇండియా అకౌంట్‌లోనే వేస్తా" అన్నాడు. లాయర్ని అడిగితే, మీరు అమెరికా గడ్డ మీద కూర్చుని చేసే పని ఎవరికి చేసినా పనే, చేయొద్దు అంది. డిజైనర్లకి ఈ చిక్కు ఎక్కువ. ఒక ఐకాన్ సెట్ అమ్ముకుందామా, ఫిగ్మా టెంప్లేట్ పెడదామా, లోగో గీసిద్దామా అని చెయ్యి లాగుతూనే ఉంటుంది. హెచ్-1బీ ఉన్నది ఫలానా యజమాని దగ్గర ఫలానా పనికి మాత్రమే.

ఫిబ్రవరి 24న, ముప్పై అయిదో రోజున, ఆఫర్ వచ్చింది. ఆసుపత్రుల్లో సెలైన్, మందులు గంటకి ఇన్ని మిల్లీలీటర్లని ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు ఉంటాయి కదా, వాటి తెరలు డిజైన్ చేసే టీమ్. ఎల్‌సీఏకి, అంటే జీతం, ఉద్యోగం వివరాల మీద లేబర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే సర్టిఫికేట్‌కి, ఏడు పని దినాలు పోయాయి. మార్చి 13న, యాభై రెండో రోజున, త్వరగా తేల్చే ప్రీమియంలో పిటిషన్ పడింది, అప్పట్లో దానికి 2,500 డాలర్లు. రసీదు వచ్చాక 20న చేరాను. నాన్నకి ఫోన్ చేసి గట్టెక్కేశాను అన్నాను. వారానికి ఆర్‌ఎఫ్‌ఈ.

తప్పు ఎక్కడ జరిగింది

చేరిపోయాను కాబట్టి ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ పిటిషన్ తిరస్కరిస్తే ఆ రోజే ఆపేయాలి, నా 60 రోజులు ఎప్పుడో అయిపోయాయి. అంటే ఈసారి కింద వల లేదు.

పిటిషన్‌తో పంపిన సపోర్ట్ లెటర్ (నా పనేమిటో కంపెనీ వివరించే ఉత్తరం) తెప్పించుకుని చదివాను. ఇది మీరందరూ చేయాల్సిన పని, సంతకం పెట్టే ముందే. అందులో నా పని ఇలా ఉంది: వైర్‌ఫ్రేములు, ప్రోటోటైపులు తయారుచేయును, స్టైల్ గైడ్ నిర్వహించును, డెవలపర్లతో కలిసి పనిచేయును, ఆకర్షణీయమైన ఇంటర్‌ఫేసులు రూపొందించును. అబద్ధం ఒక్కటీ లేదు, నిజం కూడా పెద్దగా లేదు. వేరే క్లయింటు లెటర్ తీసి పేరు మార్చినట్టుంది. నేను దాన్ని మనం ఏ స్క్రీన్‌నైనా పరీక్షించినట్టే పరీక్షించాను. నా పనుల పేరా ఒక్కటే కాగితం మీద రాసి, మా ఆయన స్నేహితుడికిచ్చాను, ఆయన అకౌంటెంటు. అర నిమిషం చదవనిచ్చి, ఈమె ఏం చేస్తుంది అని అడిగాను. "వెబ్‌సైట్లకి రంగులేస్తుంది" అన్నాడు.

మరి ఆఫీసరు మాత్రం వేరేగా ఎందుకు అనుకుంటాడు?

దీనికి తోడు ఎల్‌సీఏలో పెట్టిన వృత్తి కోడ్ 15-1255, వెబ్ అండ్ డిజిటల్ ఇంటర్‌ఫేస్ డిజైనర్లు. ఆ పేరు చూడగానే హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ తెరుచుకుంటుంది, అందులో హైస్కూలు డిప్లొమా మాట కనబడుతుంది. మా పని నిజానికి హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఇంజినీరింగుకి దగ్గర, దానికి ఇండస్ట్రియల్ ఇంజినీర్ల కింద వేరే కోడ్ ఉంది. మార్చుదామా అంటే, ఎల్‌సీఏ ఈ కోడ్ మీదే సర్టిఫై అయింది, ఇప్పుడు మారిస్తే కొత్త పిటిషన్ వేయాలి, ఉన్న కోడ్‌తోనే కొట్లాడదాం అంది లాయరమ్మ. ఒక్క విషయంలో మాత్రం అదృష్టం. జీతం నాలుగు లెవల్స్‌లో లెవల్ 3లో పెట్టారు. సీనియర్ అని పేరు పెట్టి లెవల్ 1 జీతం చూపిస్తే, ఇంత క్లిష్టమైన పని అంటున్నారు, జీతం మాత్రం కొత్తవాళ్ళకిచ్చేదా అని ఇంకో ప్రశ్న తగిలేది.

ఇక ఆ ప్రకటన. స్పెషాలిటీ ఆక్యుపేషన్, అంటే ఫలానా డిగ్రీ ఉండి తీరాల్సిన వృత్తి, అని రుజువు చేయడానికి నిబంధనల్లో నాలుగు దారులున్నాయి, ఒకటి నిలబడినా ముందుకెళ్ళొచ్చు. అందులో ఒకటి, ఈ యజమాని ఈ ఉద్యోగానికి ఎప్పుడూ ఇలాంటి డిగ్రీ ఉన్నవాళ్ళనే తీసుకుంటాడని చూపడం. మా టీమ్‌లో ఆరుగురం డిజైనర్లం. అయిదుగురికి మాస్టర్స్ ఉంది. ఆరో ఆవిడ ఐసీయూలో పదేళ్ళు నర్సుగా చేసి, రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ మీద ఒక బూట్‌క్యాంప్ చేసి డిజైన్‌లోకి వచ్చింది. అందరిలోకీ ఆవిడే గట్టి. రాత్రి మూడింటికి గ్లౌజుల చేత్తో పంపు బటన్లు ఎలా నొక్కుతారో, ఏ అలారాన్ని వినీ విననట్టు ఊరుకుంటారో మాకు చెప్పింది ఆవిడే. ఆవిడని లిస్టులోంచి తప్పించడం అనే ఆలోచన ఎవరూ పైకి అనలేదు, అయినా ఒక క్షణం అందరి ముఖాల్లోనూ కదిలినట్టు నాకనిపించింది. లాయరమ్మ మాత్రం వెంటనే "ఆ దారి వదిలేద్దాం" అంది. నాలుగో దారి పట్టాం, పని స్వభావమే అంత ప్రత్యేకం, అంత క్లిష్టం అని చూపేది.

జవాబు ఎలా కట్టాం

అయిదు వారాలు పట్టింది. రాత్రిళ్ళు, శని, ఆదివారాలు.

మొదట పనిని శాతాల్లోకి విడగొట్టాం: నర్సులతో క్షేత్ర పరిశోధన, పనుల విశ్లేషణ 30, వాడకంలో జరిగే తప్పుల రిస్క్ విశ్లేషణ 25, ఇంటరాక్షన్ డిజైన్, ప్రోటోటైపులు 25, ఆఖరి వాలిడేషన్ పరీక్ష, రిపోర్టు 15, జూనియర్లకి నేర్పడం 5. వైర్‌ఫ్రేము అన్న మాట మొత్తం జవాబులో రెండుసార్లే వచ్చింది. ఒక్కో వాటాకీ ఎదురుగా నేను చదివిన కోర్సు, అందులో నేర్చుకున్నది, అది లేకపోతే ఈ పని ఎక్కడ బోల్తా కొడుతుందో రాశాం. ఈ మూడోది చాలామంది రాయరు. కోర్సు పేరు, పని పేరు పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు, మధ్యలో ముడి ఆఫీసరే వేసుకోవాలి. వేసుకోడు, ఆయన బల్ల మీద ఇంకా ఎన్ని ఫైళ్ళున్నాయో.

తర్వాత అసలు ప్రాణం పోసింది మందులు, వైద్య పరికరాల్ని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కాగితాలు. 2005 నుంచి 2009 మధ్య ఇన్ఫ్యూజన్ పంపుల మీద ఎఫ్‌డీఏకి సుమారు 56,000 ఫిర్యాదు రిపోర్టులు వచ్చాయి, 87 రీకాల్స్ జరిగాయి. అందులో కీ బౌన్స్ అనే తప్పు ఒకటుంది: నర్సు ఒక్కసారి నొక్కిన సున్నాని పంపు రెండుసార్లుగా తీసుకుంటుంది, గంటకి 10 మిల్లీలీటర్లు అనుకున్నది 100 అయి కూర్చుంటుంది. ఇది మాటల్లో రాయకుండా తెర బొమ్మ రెండు పక్కపక్కన పెట్టాను, ఎడమ 10, కుడి 100, కింద ఒక్క వాక్యం. వీసా పిటిషన్‌లో నేను గర్వపడే డిజైన్ పని అదొక్కటే.

2016లో ఎఫ్‌డీఏ వైద్య పరికరాలకి హ్యూమన్ ఫ్యాక్టర్స్ మార్గదర్శకం ఇచ్చింది. వాలిడేషన్ పరీక్షకి ఒక్కో రకం వాడకందారుల్లో కనీసం 15 మంది కావాలంటుంది, తప్పుల్ని ఎలా వెతకాలో, ఎలా నమోదు చేయాలో చెబుతుంది. అది జతచేసి, దాన్ని అనుసరించి మా టీమ్ రాసిన ఒక రిపోర్టు మందుల పేర్లు, కస్టమర్ పేర్లు నల్లరంగు పూసి పెట్టాం. కంపెనీ రహస్యాల లాయరు దానికి ఒప్పుకోవడానికే పది రోజులు తిప్పాడు. మీ దగ్గర కూడా ఇలాంటి పని నమూనాలు ఉంటే ఆర్‌ఎఫ్‌ఈ వచ్చేదాకా ఆగకండి, మొదటి పిటిషన్‌కే అనుమతి తీసుకుని ఉంచండి.

నిపుణుడి అభిప్రాయం కోసం ఒక ప్రొఫెసర్‌ని పట్టుకున్నారు, నా యూనివర్సిటీ కాదు. ఆయన నాతో నలభై నిమిషాలు మాట్లాడాడు, నిజంగానే పని గురించి అడిగాడు. మొదటి డ్రాఫ్టులో మాత్రం నన్ను పొగిడేశాడు. ఇక్కడ ప్రశ్న నేను గొప్పదాన్నా కాదా అని కాదు, ఈ కుర్చీకి చదువు కావాలా వద్దా అని. పొగడ్త తీయించాం.

ప్రకటనలోని ఆ వాక్యానికి ఏం చెప్పాలి? దాచలేం, మేమే పంపాం. మా మేనేజర్ ఒక లేఖ రాశాడు, ఆ వాక్యం అన్ని డిజైన్ ఉద్యోగాలకీ రిక్రూటింగ్ టీమ్ పెట్టే సాధారణ పాఠమని, పంపుల టీమ్‌లో ఈ ఫలానా స్థానానికి రిస్క్ విశ్లేషణ, పరీక్షల గణాంకాలు తెలిసినవాళ్ళే కావాలని, ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్నలతో సహా. అదృష్టవశాత్తూ ఆ ప్రశ్నలు ఆయన నోట్సులో ఉన్నాయి.

ఆఖరున ఆ పేరా మళ్ళీ మన అకౌంటెంటుకిచ్చాను. "మందు డోసు తప్పు పోకుండా మిషను తెర తయారుచేసి, అది నిజంగా పనిచేస్తుందో లేదో నర్సుల మీద పరీక్ష పెట్టి కొలుస్తుంది" అన్నాడు. పంపేశాం. తొమ్మిదో రోజున అప్రూవల్. అమ్మ పైడితల్లి గుడికి వెళ్ళొచ్చింది, మా ఆయన "చెప్పానా టెంప్లేటని" అన్నాడు, ఆ రోజు వంట ఆయనే చేశాడు.

తర్వాత

2025 జనవరి 17 నుంచి కొత్త నియమం అమల్లోకి వచ్చింది. ఒక ఉద్యోగానికి రెండు మూడు రకాల డిగ్రీలు ఒప్పుకున్నా ఫర్వాలేదు, ఒక్కో డిగ్రీకీ పనికీ తర్కబద్ధమైన సంబంధం ఉంటే చాలని రాశారు. డిజైన్, సైకాలజీ, కంప్యూటర్ సైన్స్ అన్నీ ఒప్పుకునే మన రంగానికి అది కాస్త ఊపిరి. కానీ ఏ డిగ్రీ అయినా సరే, అసలు డిగ్రీ లేకపోయినా సరే అనే ప్రకటనలకి అది అక్కరకు రాదు.

హైదరాబాద్ నుంచి జూనియర్లు అడుగుతుంటారు, అక్కా, ఇక్కడ్నించి నేరుగా యూఎక్స్‌కి స్పాన్సర్‌షిప్ దొరుకుతుందా అని. 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. డిజైనర్ కోసం అంత కట్టే కంపెనీని నేను చూడలేదు. పైగా 2026 లాటరీ నుంచి జీతం లెవల్‌ని బట్టి వెయిటేజీ, లెవల్ 4కి నాలుగు చీటీలు, లెవల్ 1కి ఒకటి. ఆశ పెట్టి అబద్ధం చెప్పడం నాకు రాదు.

నా గ్రీన్‌కార్డ్ పర్మ్ (కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేసే మొదటి దరఖాస్తు) 2024 ఆగస్టులో పడింది, అందుకే 2025 అక్టోబరుకి హెచ్-1బీకి ఉండే ఆరేళ్ళ గడువు నిండినా ఏడాది పొడిగింపు దొరికింది. క్యూ సంగతి అందరికీ తెలిసిందే, 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ-2 (మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల కేటగిరీ) తేదీ 2013 ఏప్రిల్ 1 దగ్గర ఉంది, అంటే అంతకు ముందు దరఖాస్తు పడినవాళ్ళ వంతే అప్పుడు నడుస్తోంది, ఆ తేదీకి నేను బీఆర్క్‌లో డ్రాఫ్టింగ్ షీట్లు చింపుతున్నాను.

పర్మ్‌లో ఉద్యోగానికి కనీస అర్హత ఏమిటో స్పష్టంగా రాయాలి, అలా రాసే ముందు ఈసారి ఎవరూ సర్దుకునే వీల్లేకుండా కంపెనీ ఉద్యోగాల పేర్లే రెండుగా విడదీసింది. మామూలు ప్రోడక్ట్ డిజైనర్లకి పాత వాక్యం అలాగే ఉంది. పంపుల టీమ్ ప్రకటనలో మాత్రం దాన్ని తీసేసి, హ్యూమన్ ఫ్యాక్టర్స్ లేదా ఫలానా రంగాల్లో మాస్టర్స్ తప్పనిసరి అని పెట్టారు. ముసాయిదా చూడమని నాకే పంపారు, నేనే రెండు కామాలు సరిచేసి ఇచ్చాను.

అది పోస్ట్ అయిన రోజు మా నర్సమ్మ నా డెస్కు దగ్గరికి వచ్చింది. "ఈ ఉద్యోగానికి ఇప్పుడు నేను అప్లై చేస్తే నా రెజ్యూమే మీ దాకా కూడా రాదు కదా" అంది, నవ్వుతూనే. రాదు అన్నాను. ఇంకేదో చెప్పబోయాను, ఆవిడ అప్పటికే ఫోన్ తీసి ఎవరికో కలుపుతోంది. ఆ మధ్యాహ్నం వాలిడేషన్ పరీక్షకి పద్నాలుగు మంది నర్సులే వచ్చారు, పదిహేనో మనిషి లేకపోతే ఆ రౌండు లెక్కకి రాదు. తన పాత ఐసీయూలో నైట్ డ్యూటీ దిగి పడుకున్న స్నేహితురాల్ని లేపి, నలభై నిమిషాల్లో రప్పించింది.